హెల్ప్‌లో కనిపించని ఆప్షన్లు: హ్యూగిన్, ఎన్‌బ్లెండ్ లోపలి సంగతులు

కైలాసగిరి మీద నిలబడి, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ నుంచి ఉత్తరాన రుషికొండ దాకా తీరమంతా ఒకే చిత్రంలో పట్టాలంటే 7 ఫొటోలు చాలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుంటే 35 మి.మీ. లెన్సు అడ్డంగా చూసేది సుమారు 37.8 డిగ్రీలు. పక్క ఫొటోతో 30 శాతం కలవాలంటే ఒక్కో ఫొటోకు 26 డిగ్రీల చొప్పున తిరగాలి. అలా 7 ఫొటోలకు 180 డిగ్రీలూ పూర్తయి కాస్త మిగులుతుంది కూడా. తీయడం తేలికే. ఇంటికొచ్చి, ఫొటోలను కుట్టి ఒకే పనోరమా చేసే హ్యూగిన్ ప్రోగ్రాంలో వేశాక మొదలవుతాయి తిప్పలు. ఫ్రేముల్లో సగం సముద్రమే. అలల మీద పడ్డ కంట్రోల్ పాయింట్లు, అంటే రెండు ఫొటోల్లో ఒకే చోటని గుర్తించిన బిందువులు, ఫొటోలను వంకరగా లాగుతాయి, దిగంతం విల్లులా వంగుతుంది, వేటకు వెళ్తున్న పడవ అతుకు దగ్గర సగానికి తెగిపోతుంది.

ఆ దశలో ఎవరో ఒక స్క్రిప్టు, అంటే కమాండ్లు వరసగా రాసిన ఫైలు, పంపిస్తారు. అందులో కమాండ్‌కు తోడుగా ఇచ్చే సూచన, అంటే ఆప్షన్, ఒకటి ఉంటుంది. --హెల్ప్ కొట్టి చూస్తే అది లేదు, మాన్యువల్ పేజీలోనూ లేదు. అయినా కమాండ్ నడుస్తుంది, ఎర్రరేమీ రాదు. ఆ ఆప్షన్ నిజంగా ఏమైనా చేసిందా, లేక ప్రోగ్రాం దాన్ని విని ఊరుకుందా అన్నది తేల్చుకోకుండా ఆ స్క్రిప్టును వాడటం మంచిది కాదు. తేల్చుకునే దారి ఉంది, పెద్ద కష్టమైనదీ కాదు. హెల్ప్‌లో లేని ఆప్షన్లన్నీ ఒక జాతివి కావన్న సంగతి పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఒక మాట ముందే. కమాండ్లు, ఆప్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగు లిపిలో ఉన్నాయి. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. గీతలు, బరాబర్ గుర్తులు మాత్రం ఇక్కడ ఎలా ఉన్నాయో అక్కడా అంతే.

ఎవరి పని ఏది

హ్యూగిన్ అంటే మనకు కనిపించే కిటికీ ఒక్కటే కాదు. దాని వెనక చిన్న చిన్న పనిముట్ల వరస ఉంటుంది. పీటీఓ_జెన్ ఫొటోల జాబితాతో ప్రాజెక్టు ఫైలు తయారుచేస్తుంది. సీపీఫైండ్ పక్క పక్క ఫొటోల్లో ఒకేలా ఉన్న బిందువులు వెతుకుతుంది. సీపీక్లీన్ వాటిలో తప్పుడువి ఏరేస్తుంది. ఆటోఆప్టిమైజర్ ఏ ఫొటో ఎటు తిరిగి ఉందో లెక్క కడుతుంది. పానో_మోడిఫై చివరి చిత్రం కొలతలు నిర్ణయిస్తుంది. నోనా ప్రతి ఫొటోనూ ఆ లెక్క ప్రకారం వంచి విడివిడి టిఫ్ ఫైళ్లుగా ఇస్తుంది. ఆ ఫైళ్లను అతుకు తెలియకుండా కలిపే పని ఎన్‌బ్లెండ్‌ది.

వీటి పుట్టుక ఒక్కచోట కాదు. మూలం జర్మనీకి చెందిన హెల్ముట్ డెర్ష్ 1998లో మొదలుపెట్టిన పనోరమా టూల్స్. హ్యూగిన్‌ను పాబ్లో డాంజెలో దాని మీదే కట్టాడు. ఎన్‌బ్లెండ్‌ను ఆండ్రూ మిహాల్ విడిగా రాశాడు. దాని వెనకున్న పద్ధతి బర్ట్, ఏడెల్సన్ 1983లో ప్రచురించిన మల్టీరిజల్యూషన్ స్ప్లైన్. సీపీఫైండ్ ఇంకో దారిలో, పనోమాటిక్ అనే వేరే ప్రోగ్రాం నుంచి వచ్చింది. ఇన్ని చేతులు పడ్డాయి కాబట్టే ఒక పనిముట్టులో ఆప్షన్ రాసే తీరు ఇంకోదానిలో ఉండదు. ఉబుంటు లినక్స్‌లో ఇవన్నీ ఒక్క ప్యాకేజీలో రావు. హ్యూగిన్ పనిముట్లు హ్యూగిన్-టూల్స్‌లో ఉంటాయి, ఎన్‌బ్లెండ్, వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలను కలిపే ఎన్‌ఫ్యూజ్ వేరే ప్యాకేజీలు. ఒకటి కొత్తది, ఇంకోటి పాతది అయ్యే అవకాశం అక్కడే ఉంది.

హెల్ప్‌కూ ప్రోగ్రాంకూ మధ్య దూరం ఎలా వచ్చింది

ఈ పనిముట్లలో ఆప్షన్ పేరు మూడు చోట్ల రాయాలి. మొదటిది సోర్స్ కోడ్‌లోని ఆప్షన్ల పట్టిక: ప్రోగ్రాం ఏయే పేర్లను గుర్తుపట్టాలో చెప్పేది అదే. రెండోది --హెల్ప్ కొడితే తెర మీద పడే పాఠం. దాన్ని ఎవరో చేత్తో టైపు చేస్తారు, పట్టికలోంచి తనంతట తాను పుట్టదు. మూడోది మాన్యువల్ పేజీ, అది ఇంకో ఫైలు. పట్టికలో చేరిస్తే ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి మిగతా రెండు చోట్లా రాయడం మర్చిపోయినా ఎవరికీ తెలియదు. తీసేసేటప్పుడు ఇది తిరగబడుతుంది. పాత స్క్రిప్టులు ఆగిపోకూడదని హెల్ప్‌లోంచి తీసేసి పట్టికలో ఉంచుతారు. కాబట్టి నిజం ఎక్కడుందని వెతికితే పట్టికలోనే.

రకాలు

మొదటి రకం మారుపేర్లు. ఎన్‌బ్లెండ్‌లో అతుకు ముసుగులను, అంటే ఏ ఫొటోలో ఏ భాగం కనిపించాలో చెప్పే నలుపు తెలుపు చిత్రాలను, ఫైళ్లుగా దాచడానికి --సేవ్-మాస్క్స్, తిరిగి ఎక్కించడానికి --లోడ్-మాస్క్స్ ఉన్నాయి. చివరి 'స్' లేకుండా --సేవ్-మాస్క్, --లోడ్-మాస్క్ అని కొట్టినా పనిచేస్తాయి. ఇది పొరపాటున మిగిలిపోయినది కాదు. ఈ ఏకవచన రూపానికి పత్రాల్లో చోటివ్వలేదు గానీ విరమించనూ లేదని సోర్స్ కోడ్‌లో పక్కనే వ్యాఖ్య రాసి మరీ ఉంచారు. ఇలాంటివి నిర్భయంగా వాడొచ్చు. అయినా స్క్రిప్టులో రాసేటప్పుడు పత్రాల్లో ఉన్న బహువచనమే రాయండి. చదివేవాడు మాన్యువల్ తెరిస్తే దొరకాలి కదా.

రెండో రకం కుదింపులు. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ఈ పనిముట్లలో చాలావరకు పొడుగు ఆప్షన్లు చదవడానికి గెట్ఆప్ట్_లాంగ్ అనే లైబ్రరీ ఫంక్షన్ వాడతాయి. గ్నూ రూపంలో దానికో గుణం ఉంది: పేరులో మొదటి కొన్ని అక్షరాలు ఇచ్చినా, అవి ఒక్క ఆప్షన్‌కే సరిపోలితే, ఆ ఆప్షన్ ఇచ్చినట్టే తీసుకుంటుంది. సీపీఫైండ్‌కు --ఫుల్‌స్కేల్ బదులు --ఫుల్ అన్నా చాలు. ఎవరో స్క్రిప్టులో అలా రాసుకుంటే మనకది దాచిపెట్టిన కొత్త ఆప్షన్‌లా కనిపిస్తుంది. అదే సీపీఫైండ్‌కు --సీవ్1 అని ఇస్తే ఆగిపోతుంది. --సీవ్1విడ్త్, --సీవ్1హైట్, --సీవ్1సైజ్ మూడూ దానికి సరిపోలతాయి కాబట్టి అస్పష్టమని చెబుతుంది. అసలు ప్రమాదం ఇప్పుడు కాదు, రేపు. ఈ వెర్షన్‌లో ఒక్కదానికే సరిపోలిన కుదింపు, తర్వాతి వెర్షన్‌లో అవే అక్షరాలతో ఇంకో ఆప్షన్ చేరగానే ఆగిపోతుంది. ఎన్‌బ్లెండ్‌లో ఏకవచన మారుపేరుకు విడిగా పట్టికలో వరస ఇవ్వడం వల్ల ఉపయోగం ఇదే. --సేవ్-మాస్క్ అన్నది కుదింపుగానైనా పనిచేసేది, కానీ పూర్తి పేరుగా నమోదైతే రేపు అదే మొదలుతో ఇంకోటి వచ్చినా చెక్కుచెదరదు.

మూడో రకం పేరుకే మిగిలినవి. నోనాకు ఒకప్పుడు -టి తో ఎన్ని థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) వాడాలో చెప్పేవాళ్లు. సీపీఫైండ్‌కు --ఎన్‌కోర్స్, ఒకే దృశ్యపు ఫొటోలను ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చే అలైన్_ఇమేజ్_స్టాక్‌కు --థ్రెడ్స్ ఉండేవి. తర్వాత ఈ పని, లెక్కలను కోర్లకు పంచే ఓపెన్ఎంపీకి అప్పగించారు. ఆ మార్పు తర్వాతి వెర్షన్లలో వాటిని ఇస్తే ప్రోగ్రాం ఒప్పుకుంటుంది, ఈ స్విచ్చును విరమించాం, బదులుగా ఓఎంపీ_నమ్_థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోమని ఒక వరస రాసి ముందుకెళ్లిపోతుంది. పాత స్క్రిప్టులో తెర మీద వచ్చేదాన్నంతా డెవ్ నల్‌కు, అంటే చెత్తబుట్టకు, పంపేసి ఉంటే ఆ హెచ్చరిక కంటపడదు. నాలుగు కోర్లకే పరిమితం చేశామనుకున్న పని ఉన్న కోర్లన్నీ తినేస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్ కాలిపోతోందని ఫిర్యాదు చేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. సరైన దారి: టెర్మినల్‌లో ఓఎంపీ_నమ్_థ్రెడ్స్=4 అని ఎక్స్‌పోర్ట్ చేసి, తర్వాత ఏ పనిముట్టయినా నడపండి. ఓపెన్ఎంపీతో కట్టిన వాటన్నిటికీ అది వర్తిస్తుంది. ఆయా పనిముట్ల హెల్ప్‌లో ఈ వేరియబుల్ కోసం వెతికి ప్రయోజనం లేదు, అది ఓపెన్ఎంపీ చదువుకునేది.

పేరు మారిపోయినవి కూడా ఈ కోవలోకే వస్తాయి. ఎన్‌ఫ్యూజ్ 3.2 కాలంలో --డబ్ల్యూఎక్స్‌పోజర్ అని రాసేది, 4.0 నుంచి --ఎక్స్‌పోజర్-వెయిట్ అయింది. పాత పాఠాల్లో మొదటిది కనిపిస్తే అది రహస్యం కాదు, వయసు మీద పడిన పేరు.

నాలుగోది నిపుణుల తలుపు. ఎన్‌బ్లెండ్‌కు, ఎన్‌ఫ్యూజ్‌కు --పారామీటర్ అని ఒక ఆప్షన్ ఉంది. దానికి తాళంచెవి, విలువ అనే జంట ఇస్తారు. ఒకటికి మించి ఉంటే మధ్యలో కోలన్ పెడతారు. --నో-పారామీటర్ ఇస్తే పెట్టినవి తీసేస్తుంది, నక్షత్రం గుర్తు ఇస్తే అన్నిటినీ ఒకేసారి. ఆప్షన్ ఉన్న సంగతి పత్రాల్లో ఉంది. ఏయే తాళంచెవులు చెల్లుతాయన్నది మాత్రం సోర్స్ చదివితే గానీ పూర్తిగా తెలియదు. ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేయకుండా లోపలి అంకెలు మార్చి చూసుకోవడానికి డెవలపర్లు పెట్టుకున్న తలుపు ఇది. సోర్స్‌లో 'పారామీటర్' అన్న మాటకు వెంటనే రెండు కోలన్లున్న చోట్లను, మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌తో వెతికితే, ఏ ఫైలులో ఏ చెవిని చదువుతున్నారో, ఇవ్వకపోతే ఏ విలువ వాడతారో బయటపడుతుంది. ఆ జాబితా వెర్షన్‌కో తీరు. చెవి పేరులో ఒక్క అక్షరం తప్పితే దాన్ని అడిగేవారే లోపల ఉండరు, ఫలితం మారదు. ఇంతకన్నా జాగ్రత్తగా వాడాల్సిన ఆప్షన్ ఈ మొత్తంలో లేదు.

బరాబర్ గుర్తు మర్చిపోతే

ఇది హెల్ప్‌లో ఉన్నా కంటికి ఆనని సంగతి. కొన్ని ఆప్షన్లకు విలువ ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. హెల్ప్‌లో ఆ విలువను చదరపు కుండలీకరణాల్లో చూపిస్తారు. అలాంటిచోట పేరుకూ విలువకూ మధ్య ఖాళీ వదలకూడదు, బరాబర్ గుర్తుతో అంటించాలి. ఎన్‌బ్లెండ్‌లో --ర్యాప్=హారిజాంటల్ అంటే 360 డిగ్రీల పనోరమాలో కుడి ఎడమ అంచులు కలుపుతుంది. --ర్యాప్ అని ఖాళీ వదిలి హారిజాంటల్ అంటే ఆ మాటను ఇన్‌పుట్ ఫొటో పేరనుకుంటుంది, అలాంటి ఫైలు లేదని ఆగిపోతుంది. వట్టి --ర్యాప్ ఇచ్చినా అడ్డంగా కలపమనే అర్థం, అందుకే కొందరికి తప్పుగా రాసినా ఎప్పుడో ఒకసారి పనిచేసినట్టు అనిపిస్తుంది. పొట్టి రూపాలైన -డబ్ల్యూ, -వీ లకూ ఇదే నియమం. విలువను అక్షరానికి ఆనించి రాయాలి.

--సేవ్-మాస్క్స్ దగ్గర ఇది ఇంకాస్త చిక్కు. ముసుగు ఫైలు పేరు నమూనా మాస్క్-%ఎన్.టిఫ్ లాంటిది. %ఎన్ చోట వరస సంఖ్య వస్తుంది. దీన్ని బరాబర్‌తో అంటించకపోతే ఇన్‌పుట్ అయిపోతుంది. అంటించినా ఇంకో గొయ్యి ఉంది. రెండోసారి నడిపేటప్పుడు అదే ఫోల్డర్‌లో నక్షత్రం-చుక్క-టిఫ్ అని అన్ని ఫైళ్లనూ పిలిస్తే, మొదటిసారి దాచిన ముసుగులు కూడా ఫొటోలతో కలిసి లోపలికి పోతాయి. అవి నలుపు తెలుపు, ఇవి రంగువి, ఎన్‌బ్లెండ్ గొడవ పెడుతుంది. ముసుగులకు వేరే ఫోల్డర్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

విండోస్‌లో బ్యాచ్ ఫైలు రాసేవాళ్లు శాతం గుర్తును రెండుసార్లు కొట్టాలి. ఒక్కసారి రాస్తే బ్యాచ్ ఫైలు దాన్ని తన వేరియబుల్ అనుకుని తినేస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నేరుగా కొడితే ఒక్కటే చాలు. అదే కమాండ్ ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయకపోవడానికి ఇదో కారణం. ఇంకో కారణం మరీ చిన్నది: వాట్సాప్‌లోంచో వర్డ్ ఫైలులోంచో కాపీ చేసిన కమాండ్‌లో రెండు చిన్న గీతలు ఒక పొడుగు గీతగా మారిపోయి ఉంటాయి. కంటికి తేడా తెలియదు. ప్రోగ్రాంకు అది ఆప్షనే కాదు, ఏదో ఫైలు పేరు. స్క్రిప్టులు పంచుకునేటప్పుడు మెసేజ్‌లో అతికించకుండా ఫైలుగానే పంపండి.

ప్రాజెక్టు ఫైలులో దాక్కున్నవి

హ్యూగిన్ ప్రాజెక్టు ఫైలు, అంటే పీటీఓ, మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది. పీ తో మొదలయ్యే వరస చివరి చిత్రం గురించి, అందులో ఎఫ్ అంకె ప్రొజెక్షన్‌ను, అంటే దృశ్యాన్ని చదునుగా పరిచే తీరును చెబుతుంది: ఎఫ్0 అంటే రెక్టిలీనియర్, ఎఫ్1 సిలిండ్రికల్, ఎఫ్2 ఈక్విరెక్టాంగ్యులర్. ఐ తో మొదలయ్యే వరసలు ఒక్కో ఫొటోవి, సీ వి కంట్రోల్ పాయింట్లు, వీ వి ఏయే కొలతలు సవరించాలో చెప్పేవి. ఎం వరసలోని ఐ అంకె ఇంటర్‌పొలేటర్‌ను, అంటే వంచేటప్పుడు పిక్సెళ్ల మధ్య విలువలు లెక్కగట్టే పద్ధతిని చెబుతుంది.

హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరస వ్యాఖ్య అనీ, తీసేసినా ఫరవాలేదనీ ఎవరైనా అనుకుంటారు. పీటీఓలో అది నిజం కాదు. హ్యాష్ వెంటనే హ్యూగిన్_ అని మొదలయ్యే వరసలను హ్యూగిన్ చదువుతుంది. ఎన్‌బ్లెండ్‌కు ఏ ఆప్షన్లు ఇవ్వాలో, బ్లెండర్ ఏదో, బయటికి ఏ రకం ఫైలు రావాలో అక్కడే రాసి ఉంటుంది. పాత పనోరమా టూల్స్ ప్రోగ్రాంలకు అవి వట్టి వ్యాఖ్యలుగా కనిపించాలని ఈ ఏర్పాటు. స్క్రిప్టులో హ్యాష్ వరసలన్నీ ఏరేసి ఫైలును శుభ్రం చేసేవాళ్లు తమ సెట్టింగులను తామే చెరిపేసుకుంటున్నారు.

దీనికి తోడు ఇంకోటి. హ్యూగిన్ ప్రిఫరెన్సెస్‌లో ఎన్‌బ్లెండ్ ఆప్షన్లు మార్చాక, పాత ప్రాజెక్టు తెరిచి కుట్టించి, ఏ మార్పూ లేదని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. ఆ సెట్టింగు కొత్త ప్రాజెక్టులకు. పాతది తన హ్యాష్ వరసలో ఉన్నదే వాడుకుంటుంది. దాన్ని పీటీఓలోనే దిద్దాలి.

లోపల ఏం నడుస్తోందో చూడటం

సోర్స్ కోడ్ తెరవడానికి వెనుకాడేవాళ్లకు హ్యూగిన్_ఎగ్జిక్యూటర్ పెద్ద సాయం. 2015 వెర్షన్‌కు ముందు హ్యూగిన్ ఒక మేక్‌ఫైల్ రాసి దాన్ని నడిపేది, తర్వాత ఆ పని ఈ పనిముట్టుకు వచ్చింది. దానికి --స్టిచింగ్, --ప్రిఫిక్స్=పేరు, --డ్రై-రన్, చివర పీటీఓ ఫైలు ఇవ్వండి. ఏదీ నడపదు. నడపబోయే కమాండ్లన్నీ వరసగా, వాటి పూర్తి ఆప్షన్లతో తెర మీద రాస్తుంది. --స్టిచింగ్ బదులు --అసిస్టెంట్ ఇస్తే బిందువులు వెతకడం నుంచి కొలతల దాకా మొదటి సగం చూపిస్తుంది. కిటికీలో బటన్ నొక్కితే జరిగేదంతా ఇదే. ఆ కమాండ్లను ఒక ఫైలులో దాచుకుని, ఒక్కో ఆప్షన్ మార్చి చూడటమే ఈ పనిముట్లు నేర్చుకోవడానికి ఉన్న మంచి దారి.

సోర్స్ దగ్గరికి వెళ్తే హ్యూగిన్‌ది సోర్స్‌ఫోర్జ్ వెబ్‌సైటులో మెర్క్యూరియల్ (కోడ్ మార్పులు దాచే పద్ధతి) భాండాగారంగా ఉంది. పనిముట్లు చాలావరకు ఎస్ఆర్‌సీ ఫోల్డర్ కింద టూల్స్‌లో, ఒక్కోటి ఒక్కో ఫైలుగా ఉంటాయి. ఫైలు తెరిచి గెట్ఆప్ట్ అన్న మాట కోసం వెతకండి. దానికి కాస్త పైన పొట్టి ఆప్షన్ల అక్షరమాల ఒక వరసలో ఉంటుంది. అక్షరం తర్వాత ఒక కోలన్ ఉంటే విలువ తప్పనిసరి, రెండు ఉంటే ఐచ్ఛికం, ఏదీ లేకపోతే విలువ అక్కర్లేదు. పక్కనే పొడుగు ఆప్షన్ల పట్టిక ఉంటుంది. ఆ రెంటినీ యూసేజ్ అనే ఫంక్షన్‌లోని పాఠంతో పోల్చి, పట్టికలో ఉండి పాఠంలో లేనివి రాసుకోండి. తర్వాత స్విచ్ దిమ్మెలో, అంటే ఒక్కో ఆప్షన్‌కు ఏం చేయాలో రాసిన చోట, ఆ ఆప్షన్ పేరు దగ్గర ఏం చేస్తోందో చూడాలి. ఒక వేరియబుల్‌ను మారుస్తోందా, హెచ్చరిక రాసి వదిలేస్తోందా, ఏమీ చేయకుండా బ్రేక్ అంటోందా? సీ++ రానివాళ్లు కూడా ఇంతమాత్రం చదవగలరు.

సోర్స్ దించుకునే వీల్లేకపోతే స్ట్రింగ్స్ అనే కమాండ్‌ను ప్రోగ్రాం ఫైలు మీద నడిపి గ్రెప్‌తో వడకట్టండి. పొడుగు ఆప్షన్ల పేర్లు బైనరీలో అక్షరాలుగానే ఉంటాయి. పేరు దొరుకుతుంది, అర్థం దొరకదు. హెల్ప్‌లో లేని పేరు అక్కడ కనబడితే సోర్స్‌లో వెతకాల్సిందేమిటో మాత్రం తెలుస్తుంది.

ఎన్‌బ్లెండ్‌కు అదనంగా --వెర్షన్ --వెర్బోస్ కలిపి ఇవ్వండి. ఏ సౌకర్యాలతో కట్టారో చెబుతుంది. ఒకరి యంత్రంలో పనిచేసే ఆప్షన్ ఇంకొకరి దాంట్లో లేకపోవడానికి చాలాసార్లు వెర్షన్ కన్నా కట్టిన తీరే కారణం.

సముద్రం సగం ఉన్న 7 ఫొటోలకు

ఇప్పుడు కైలాసగిరి ఫొటోల దగ్గరికి. ఫైళ్ల పేర్లు ముందు సరిచూడండి. మన కమాండ్లు చదివి నడిపే షెల్ వాటిని అక్షర క్రమంలో పేరుస్తుంది కాబట్టి 10 అంకె 2 కన్నా ముందొస్తుంది. 01, 02 అని సున్నాలు చేర్చండి. పీటీఓ_జెన్‌తో ప్రాజెక్టు తయారుచేసి, ప్రాజెక్టులోని కొలతలు మార్చే పీటీఓ_వేర్‌తో --సెట్ వై=ఐ*26 అని ఇవ్వండి. ఇక్కడ ఐ అంటే ఫొటో వరస సంఖ్య, వై అంటే అడ్డంగా తిరిగిన కోణం. షెల్ నక్షత్రాన్ని పట్టుకోకుండా మొత్తాన్ని కోట్‌లలో పెట్టాలి. ఇలాంటి సూత్రాలు రాయొచ్చని మాన్యువల్ పేజీలో ఉన్నా దాని దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

ఫొటోలు సుమారుగా వాటి చోట్లలో కూర్చున్నాయి కాబట్టి సీపీఫైండ్‌ను --ప్రీఅలైన్డ్‌తో నడిపితే ఒకదానిమీద ఒకటి పడే జంటల్లోనే వెతుకుతుంది. మొదటి ఫొటోలోని అలకూ ఏడో ఫొటోలోని అలకూ చుట్టరికం కలపదు. మామూలుగా ఇది ఫొటోలను సగం కొలతకు తగ్గించి చూస్తుంది. --ఫుల్‌స్కేల్ ఇస్తే పూర్తి కొలతలో చూస్తుంది, సమయం, మెమరీ బాగా తింటుంది. దూరపు కొండల ఫొటోలకు దానివల్ల ఒరిగేది తక్కువ. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. ఒక జంటకు మిగిలే బిందువులు మామూలు సెట్టింగులో 5×5 గడులకు ఒక్కొక్కటి చొప్పున గరిష్ఠంగా 25. వాటిలో ఎక్కువ నీటి మీద పడితే గడికి ఎన్ని అన్నది పెంచినా లాభం లేదు. చెడ్డవే ఎక్కువవుతాయి.

సీపీఫైండ్‌లోని --సెలెస్ట్ గురించి ఒక అపోహ ఉంది. అది మబ్బుల మీద శిక్షణ పొందింది. మబ్బుల మీది బిందువులను తీసేస్తుంది, అలలను గుర్తుపట్టదు. సముద్రానికి దారి ముసుగే. హ్యూగిన్ కిటికీలో నీటి మీద ముసుగు గీసి, దిగంతం కింద కాస్త నుంచి తీరపు నురుగు దాకా మూసేయాలి. బిందువులు వెతికాక ఆ ముసుగు తీసేయడం మర్చిపోతే చివరి చిత్రంలో నీరుండాల్సిన చోట ఖాళీ మిగులుతుంది. తర్వాత సీపీక్లీన్. సగటు దూరం కన్నా రెండు ప్రామాణిక విచలనాలు దాటినవాటిని అది తీసేస్తుంది, ఆ రెండును -ఎన్ తో మార్చుకోవచ్చు.

నీరూ ఆకాశం తప్ప ఇంకేమీ లేని ఫొటో ఉంటే దాన్ని బిందువులతో నిలబెట్టలేం. అది ఏడో ఫొటో అనుకుంటే, పీటీఓ_వేర్‌తో --ఆప్ట్=వై,పి,ఆర్,!వై6,!పి6,!ఆర్6 అని ఇచ్చి దాన్ని కదపవద్దని చెప్పాలి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఏడోదానికి 6. ఆశ్చర్యార్థకాన్ని బాష్ అనే షెల్ వేరే అర్థంలో తీసుకుంటుంది, ఒంటి కోట్‌లలో పెట్టండి. తర్వాత ఆటోఆప్టిమైజర్‌ను -ఏ తో కాదు, -ఎన్ తో నడపాలి. పీటీఓలోని వీ వరసల ప్రకారం సవరించమన్నది -ఎన్ అర్థం. -ఏ ఇస్తే ఏది సవరించాలో తానే ఎంచుకుంటుంది, మీ ఏర్పాటు వృథా. దిగంతం కోసం లైన్‌ఫైండ్ వాడబోకండి, అది నిలువు గీతలే వెతుకుతుంది, భవనాలకు పనికొస్తుంది. సముద్రపు గీతకు చివరి చిత్రాన్ని ఈక్విరెక్టాంగ్యులర్‌గా పెట్టి, గీత మీద దూరదూరంగా రెండేసి బిందువులు అడ్డగీత రకంగా చేత్తో చేర్చాలి. పీటీఓలో వాటి సీ వరస చివర టి2 అని ఉంటుంది. కొండ మీంచి చూస్తే దిగంతం కంటి మట్టం కన్నా రవ్వంత కింద ఉన్నా, చుట్టూ అంతే కిందికి ఉంటుంది కాబట్టి గీత సమంగానే వస్తుంది.

చివరికి నోనా. 20000×5000 పిక్సెళ్ల చిత్రమంటే 10 కోట్ల పిక్సెళ్లు. 16 బిట్లలో రంగులు మూడూ పారదర్శకత ఒకటీ కలిపి పిక్సెల్‌కు 8 బైట్లు, అంటే 80 కోట్ల బైట్లు. 7 ఫొటోలనూ పూర్తి కొలతలో రాస్తే డిస్కు నిండుతుంది. పీ వరసలో ఫైలు రకం పక్కన ఆర్:క్రాప్ ఉంటే ఫొటో ఉన్నంత మేరే రాసి, దాని స్థానాన్ని ఫైలులో గుర్తుపెడుతుంది. ఎన్‌బ్లెండ్ ఆ గుర్తు చదువుతుంది. మామూలు టిఫ్ ఫైలు 4 జీబీ దాటలేదు, మరీ పెద్ద పనోరమాలకు నోనాకు --బిగ్‌టిఫ్ ఇవ్వాలి.

తెగిన పడవకు రహస్య ఆప్షన్ లేదు. అతుకును పడవ మీంచి పక్కకు జరపడమే. అతుకు ఎటు వెళ్లాలో నిర్ణయించే --ప్రైమరీ-సీమ్-జనరేటర్ విలువను గ్రాఫ్-కట్ అని ఒకసారి, నియరెస్ట్-ఫీచర్-ట్రాన్స్‌ఫార్మ్ అని ఒకసారి ఇచ్చి రెంటినీ చూడండి. అప్పటికీ కుదరకపోతే --సేవ్-మాస్క్స్=తో ముసుగులు దాచి, గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో దిద్ది, --లోడ్-మాస్క్స్=తో ఎక్కించండి. దిద్దేటప్పుడు కొలత మారకూడదు, గ్రేస్కేల్‌లోనే ఉండాలి, బూడిద రంగు అంచులు రాకుండా మెత్తని బ్రష్ మానేయాలి. ఉప్పుగాలి మసక వల్ల పక్క పక్క ఫొటోల ఆకాశపు రంగు తేడాగా ఉంటే --లెవెల్స్ ఎక్కువ ఉంచితే కలయిక వెడల్పుగా, మెత్తగా వస్తుంది. అతుకు పక్కనే కదిలే మనుషులుంటే తగ్గించాలి, లేకపోతే నీడల్లా ఇద్దరిద్దరు కనిపిస్తారు.

ఫొటోలు ఒకదాన్నొకటి మరీ ఎక్కువ కప్పేస్తే, అతుకు చెడే ప్రమాదం ఉందని ఎన్‌బ్లెండ్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను నోరుమూయించే ఆప్షన్ కోసం వెతకడం దండగ. ఒకే దిక్కున వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఫొటోలు దానికిస్తేనే చాలాసార్లు అలా అంటుంది. వాటిని ముందు ఎన్‌ఫ్యూజ్‌తో కలపాలి, లేదా ఒకటి తీసేయాలి.

పనిచేసిందో లేదో తేల్చడం

హెల్ప్‌లో లేని ఏ ఆప్షన్‌నైనా 3 చిన్న ఫొటోల మీద, అదొక్కటే తేడాగా నడపండి. సీపీఫైండ్ అయితే పీటీఓలో సీ, ఖాళీ అని మొదలయ్యే వరసలను గ్రెప్ -సి తో లెక్కపెట్టి చూడండి. 3 ఫొటోలకు పక్క పక్క జంటలు రెండే, కాబట్టి మామూలుగా 50 దాటకూడదు. ఆప్షన్ ఇచ్చి రెండు మూడుసార్లు, ఇవ్వకుండా రెండు మూడుసార్లు నడిపి అంకెలు పక్కపక్కన రాసుకోండి. నోనా, ఎన్‌బ్లెండ్ అయితే రెండు టిఫ్‌లను ఇమేజ్‌మ్యాజిక్‌లోని కంపేర్‌కు ఇవ్వండి, తేడా ఉన్న పిక్సెళ్లను రంగు వేసి చూపిస్తుంది. ఫైళ్లను బైటు బైటుగా పోల్చడం ఇక్కడ సరిపడదు, చిత్రం ఒకటే అయినా లోపల రాసిన సమయం, కమాండ్ వివరాలు వేరు కావచ్చు. తెర మీది సందేశాలన్నీ ఒక లాగ్ ఫైలులోకి పంపి, డెప్రికేటెడ్ (విరమించినది) అన్న మాట కోసం వెతకండి.

తేడా కనబడితే ఆ ఆప్షన్‌ను స్క్రిప్టులో పూర్తి పేరుతో, కుదించకుండా రాయండి. దాని పైవరసలో ఏ పనిముట్టు, ఏ వెర్షన్, సోర్స్‌లో ఏ ఫైలులో దాన్ని చూశారో వ్యాఖ్యగా పెట్టండి. స్క్రిప్టు మొదట్లోనే ఎన్‌బ్లెండ్ --వెర్షన్ ఫలితాన్ని లాగ్‌లోకి రాయిస్తే, ఉబుంటు అప్‌గ్రేడ్ అయిన మర్నాడు చిత్రం మారిపోయినప్పుడు ఎక్కడ వెతకాలో ఆ ఒక్క వరసే చెబుతుంది.